గమ్ పెంచితే లోషన్ కుదురుతుందా?

ప్రశ్న: నీళ్లు, బాదం నూనె, తేనె మైనం, శాంథన్ గమ్‌తో ఇంట్లో లోషన్ చేశాను. గమ్ ఉండలు కట్టింది. ఎంత గిలక్కొట్టినా కరగలేదు. మర్నాటికి నూనె పైకి తేలింది. ఇంకాస్త గమ్ వేస్తే చీమిడిలా సాగుతోంది, రాసుకుంటే పొట్టులా రాలుతోంది. నూనె మాత్రం మళ్లీ తేలింది! ఏం తక్కువైంది?

జవాబు: తక్కువైంది గమ్ కాదండీ, ఎమల్సిఫయర్, అంటే నూనెనీ నీళ్లనీ విడిపోకుండా కలిపి ఉంచే పదార్థం. మీరు వేసినవాటిలో అది లేనే లేదు. గమ్ నీళ్లను చిక్కబరుస్తుంది, అంతే. చిక్కటి నీళ్లలో నూనె చుక్కలు నెమ్మదిగా పైకొస్తాయి కాబట్టి, కాసేపు కుదిరినట్టే కనిపిస్తుంది. మైనం కూడా ఒంటరిగా ఈ పని చేయలేదు. పాతకాలపు కోల్డ్ క్రీముల్లో దానికి తోడు బోరాక్స్ వేసేవారు. మీకు ఆ తంటా వద్దు, మైనం తీసేయండి.

మొత్తం 100 గ్రాములనుకుంటే నూనె 15, ఎమల్సిఫైయింగ్ వాక్స్ (ఎమల్సిఫయర్ ఇదే) 5, సిటైల్ ఆల్కహాల్ 2 గ్రాములు తీసుకుని కలిపి కరిగించండి. ఆల్కహాల్ అన్న పేరు చూసి టెన్షన్ పడొద్దు. అది చర్మాన్ని ఎండబెట్టే స్పిరిట్ కాదు, తెల్లటి రేకుల్లా ఉండే కొవ్వు పదార్థం. లోషన్‌ని చిక్కబరుస్తుంది, చర్మాన్నీ మెత్తబరుస్తుంది. నాకైతే గమ్ కన్నా దీని మీదే నమ్మకం ఎక్కువ.

గమ్ 0.3 గ్రాములు చాలు. ఒక గ్రాము కన్నా తక్కువ చూపించని వంటింటి కాటాతో అది తూగదు, 0.01 గ్రాము చూపించేది కావాలి. గమ్‌ని ముందు 3 గ్రాముల గ్లిజరిన్‌లో కలపండి. అందులో గమ్ ఉబ్బదు, రేణువులు విడివిడిగా ఉండిపోతాయి. అప్పుడు నీళ్లు పోస్తే ఉండ కట్టదు. పొడిని నేరుగా నీళ్లలో చల్లితే పైపొర తడిసి జిగురై, లోపలిది పొడిగా చిక్కుకుపోతుంది. మీ చెయ్యి నొప్పికి కారణం అదే.

నీళ్లూ నూనే రెండూ 70 డిగ్రీల సెల్సియస్ దాటాక కలిపి, హ్యాండ్ బ్లెండర్ తిప్పండి. ప్రిజర్వేటివ్ దాని ప్యాకెట్ మీద రాసిన మోతాదులో, రాసిన వేడి దగ్గర వేయండి. విటమిన్ ఇ వేశాం కదా, ప్రిజర్వేటివ్ ఎందుకు అంటారు చాలామంది. అది నూనె కంపు కొట్టకుండా చూస్తుందే తప్ప, నీళ్లలో పెరిగే సూక్ష్మజీవుల్ని ఆపదు.

జిడ్డు ఎక్కువనిపిస్తే నూనెలో సగం తీసి స్క్వాలేన్ అనే తేలికపాటి నూనె వేయండి. తేలిగ్గా పాకుతుంది.

ప్రశ్న: కార్బొమర్ అనే చిక్కబరిచే పొడితో జెల్ గాజులా వచ్చింది. కలబంద రసం పోయగానే నీరైపోయింది. కార్బొమర్ నకిలీదా?

జవాబు: కాదు. రసంలోని లవణాల పని అది. క్షారం వేసి పీహెచ్‌ని (ఆమ్ల, క్షార స్థాయిని) 6–7కి తెచ్చాక కార్బొమర్ అణువుల పొడవాటి గొలుసులు విద్యుదావేశంతో ఒకదాన్నొకటి నెట్టుకుంటూ విచ్చుకుంటాయి. జెల్ నిలబడేది ఆ నెట్టుడు మీదే. లవణాలు పడితే అది తగ్గి గొలుసులు ముడుచుకుపోతాయి. కలబంద తప్పదంటే శాంథన్ గమ్ గానీ హైడ్రాక్సీ ఇథైల్ సెల్యులోజ్ గానీ వాడండి, అవి ఉప్పుకి అంతగా లొంగవు. ఆ గాజులాంటి మెరుపే కావాలంటే మాత్రం కలబంద మానుకోవాలి.