రాడ్ వేసి రెండేళ్లు కావస్తోంది.. తీయించాలా?

ప్రశ్న: నా వయసు 34 ఏళ్లు. టైల్స్ పని చేస్తాను. 20 నెలల కిందట బైక్ మీద నుంచి పడటంతో కుడికాలు మోకాలి కింద విరిగింది. ఎముక లోపల రాడ్ పెట్టి, పైన రెండు, కింద రెండు స్క్రూలు బిగించారు. ఎముక అతుక్కుందని డాక్టర్ చెప్పారు. నడకకు ఇబ్బంది లేదు. కానీ నేల మీద మోకాలు ఆనించి పని చేస్తే చిప్ప కింద పోటు వస్తోంది. చలికాలంలో కాలంతా లాగుతోంది. లోపల ఇనుము తుప్పు పడుతుందని, ఏడాదిలోపే తీయించాల్సిందని మా బావ అంటున్నారు. రెండు నెలల్లో పని మీద దుబాయ్ వెళ్లాలి. ఈలోగా రాడ్ తీయించుకోవడం మంచిదా? విమానాశ్రయంలో ఇబ్బంది పెడతారా?
– ఒక పాఠకుడు, జగిత్యాల

జవాబు: ముందు మీ బావగారి భయం తీరుద్దాం. మీ కాలిలో ఉన్నది కిటికీ ఊచలకు వాడే ఇనుము కాదు. ఈ రాడ్లను టైటానియం మిశ్రమంతోగానీ, 316ఎల్ అనే రకం స్టీలుతోగానీ చేస్తారు. ఇంట్లో స్టీలు గిన్నె రోజూ నీళ్లలో నానినా తుప్పు పట్టదు కదా, దానికి కారణమైన క్రోమియమే ఈ స్టీలులోనూ ఉంటుంది. జీవితాంతం అలాగే ఉంచేసినా నష్టం లేని లోహాలివి.

ఇక ‘ఏడాదిలోపు’ అనే మాట. అది పూర్తిగా గాలికబురు కాదు, వేరే వాళ్లకు వర్తించే మాట మీ దాకా వచ్చింది. వేళ్లకు, మణికట్టుకు గుచ్చే సన్నటి తీగలను నాలుగు నుంచి ఆరు వారాల్లో లాగేస్తాం. పిల్లల ఎముకల్లో వేసే వంగే రాడ్లను సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాదిలోపు తీస్తాం. పెద్దవాళ్ల కాలి రాడ్ విషయంలో మాత్రం తొందరపడం. తీయాల్సి వచ్చినా ఏడాదిన్నర, రెండేళ్లు ఆగుతాం. ముంజేతి ప్లేట్లనైతే బాధ పెట్టకపోతే ముట్టుకోకపోవడమే మేలు. తీసేటప్పుడు నరం దెబ్బతినవచ్చు, తీశాక అక్కడే మళ్లీ విరగవచ్చు.

1939లో జర్మనీలోని కీల్ నగరంలో గెర్హార్డ్ కున్‌షర్ అనే సర్జన్ తొడ ఎముక బోలులోకి స్టీలు రాడ్ దించినప్పటి నుంచీ ఈ వైద్యం సూత్రం ఒకటే. ఎముకను అతికించేది రాడ్ కాదు, శరీరమే. అప్పటిదాకా విరిగిన ముక్కలు కదలకుండా, తిరిగిపోకుండా పట్టి ఉంచడమే రాడ్, స్క్రూల పని. తీగను అటూ ఇటూ వంచుతూ పోతే చివరికి తెగుతుంది చూడండి, ఎముక అతుక్కోకపోతే ఎంత గట్టి రాడ్ అయినా, స్క్రూ అయినా అలాగే అలసి విరుగుతుంది. ఎముక అతుక్కోవడం ముందా, రాడ్ విరగడం ముందా అన్నదే పందెం. మీకు ఎముక అతుక్కుంది కాబట్టి ఆ పందెం గెలిచినట్టే. ఇప్పుడు మీ కాలు మోస్తున్న బరువులో ఎక్కువ భాగం ఎముకదే. రాడ్ పని అయిపోయింది.

అయితే పని అయిపోయినంత మాత్రాన తీసేయాలని కాదు. తీయాలా వద్దా అన్నది రాడ్ వయసును బట్టి కాదు, మీ బాధ ఎక్కడి నుంచి వస్తోందన్న దాన్ని బట్టి తేల్చాలి.

మీ రాడ్‌ను ఎముకలోకి దించిన దారి మోకాటి చిప్ప కిందే. చాలా ఆపరేషన్లలో చిప్పను కాలి ఎముకకు కలిపే గట్టి పట్టీని చీల్చిగానీ, పక్కకు జరిపిగానీ లోపలికి వెళతాం. అక్కడి చర్మానికి స్పర్శనిచ్చే సన్నటి నరం కూడా ఆ కోతలో దెబ్బతినవచ్చు. అందుకే ఈ ఆపరేషన్ తర్వాత హాయిగా నడిచేవాళ్లలో కూడా చాలామందికి మోకాలు నేలకు ఆనిస్తే నొప్పి. ఆఫీసులో కుర్చీలో కూర్చునేవారికి అదసలు గుర్తుకే రాదు. టైల్స్ పనివారు, నమాజు చేసేవారు, పొలంలో కలుపు తీసేవారు మాత్రం రోజూ ఆ బాధ పడతారు.

ఒక చిన్న పరీక్ష చేసుకోండి. మోకాలు వంచి, బొటనవేలితో చిప్ప కింద మధ్యలో మెల్లగా నొక్కండి. తర్వాత కాలి లోపలి వైపు, స్క్రూల కోసం పెట్టిన చిన్న గాట్ల మీద నొక్కండి. చర్మం కింద బఠానీ గింజలా స్క్రూ తల చేతికి తగిలి, అక్కడే ప్రాణం పోయినట్టుంటే బహుశా ఆ ఒక్క స్క్రూ తీస్తే సరిపోతుంది. అది చిన్న పని. నొప్పి చిప్ప కిందే అయితే పక్క నుంచి తీసిన ఎక్స్‌రే చూడాలి. రాడ్ పై కొస ఎముక అంచు దాటి ముందుకు పొడుచుకుని ఉంటే తీయడంలో అర్థం ఉంది. ఎముకలోనే పూర్తిగా మునిగి ఉంటే, తీసినా నొప్పి పోతుందని నేను మాట ఇవ్వలేను. తీసిన వాళ్లలో చాలామందికి తగ్గుతుంది, కొందరికి అలాగే ఉంటుంది.

అదే సమయంలో ముందు నుంచి కూడా ఒక ఎక్స్‌రే తీయించండి. రెండింటిలో కలిపి ఎముకకు నాలుగు అంచులు కనిపిస్తాయి. వాటిలో కనీసం మూడింటి మీదుగా కొత్త ఎముక వంతెనలా కట్టి ఉంటేనే అతుకు గట్టిపడిందని నమ్ముతాం.

దుబాయ్ ప్రయాణం మాటకొస్తే, ఈ రెండు నెలల్లో తీయించవద్దు. రాడ్ తీయడాన్ని మేకు పీకినట్టు అనుకుంటారు. నిజానికి రెండేళ్లలో దాని కొస మీద ఎముక పెరిగి ఉంటుంది, దాన్ని తొలిచి వెతకాలి. వెన్నుకు మత్తు ఇచ్చి, పాత మచ్చల మీదే మళ్లీ కోసి, స్క్రూలు విప్పి బయటికి లాగాలి. మర్నాడే నడిపిస్తాం గానీ, ఖాళీ అయిన స్క్రూ రంధ్రాలు పూడేదాకా అక్కడ ఎముక బలహీనంగా ఉంటుంది. కనీసం ఆరు వారాలు, మీలా బరువులు మోసేవారైతే మూడు నెలలు జాగ్రత్త తప్పదు. కొత్త చోట, కొత్త మేస్త్రీ దగ్గర సిమెంటు బస్తా ఎత్తనంటే కుదురుతుందా? ప్రస్తుతానికి మందపాటి మోకాలి ప్యాడ్లు కొనుక్కోండి, తొడ కండరాల వ్యాయామాలు ఫిజియోథెరపిస్టు దగ్గర నేర్చుకోండి. అప్పటికీ పని సాగకపోతే, మూడు నెలల సెలవు దొరికినప్పుడు వచ్చి తీయించుకోవచ్చు.

చలికి లాగడం గురించి ప్రతి డిసెంబరులో వింటాను. లోపలి రాడ్ బయటి గాలికి చల్లబడదు, ఒంటి వేడితోనే ఉంటుంది. రాడ్ లేకుండా కట్టుతోనే అతుక్కున్న కాళ్లు కూడా చలికి లాగుతాయి. ఆ ఒక్క కారణంతో తీయించుకుంటే నిరాశే మిగులుతుంది. వేడినీటి కాపడం చాలు. నూనె రాసి గట్టిగా మర్దన చేయించడం, పైన మళ్లీ కట్టు కట్టించడం వంటివి వద్దు.

విమానాశ్రయంలో మెటల్ డిటెక్టర్ మోగవచ్చు, మోగకపోవచ్చు. మోగితే మచ్చ చూపించి విషయం చెప్పండి, చేతి పరికరంతో తనిఖీ చేసి పంపిస్తారు. ఎప్పుడైనా ఎంఆర్ఐ అవసరమైతే ముందుగానే రాడ్ ఉందని సిబ్బందికి చెప్పండి. సాధారణంగా ఈ లోహాలతో ఎంఆర్ఐ చేయించుకోవచ్చు. రాడ్ ఉన్న చోట మాత్రం బొమ్మ మసకగా వస్తుంది.

మచ్చ దగ్గర ఎర్రబడి చీము కారినా, కాలు వాచి జ్వరం వచ్చినా, బాగా నడుస్తున్న కాలిపై ఉన్నట్టుండి బరువు వేయలేకపోయినా ప్రయాణం పక్కనపెట్టి వెంటనే ఎముకల డాక్టర్‌ను కలవండి.

మరో మాట. ఆపరేషన్ చేసిన ఆస్పత్రి నుంచి డిశ్చార్జి కాగితం, ఆపరేషన్ వివరాలు, రాడ్ కంపెనీ, సైజు ఉన్న స్టిక్కర్ నకలు ఇప్పుడే తెచ్చుకోండి. ఒక్కో కంపెనీ స్క్రూ తలకు ఒక్కో రకం స్క్రూడ్రైవర్ కావాలి. కాగితాలు పోగొట్టుకుని వచ్చిన ఒకాయనకు కాలు కోశాక తెప్పించుకున్న రెండు సెట్లూ సరిపోక, మూడోది వచ్చేదాకా ఆపరేషన్ బల్ల దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆ కాగితాలన్నీ ఫోనులో ఫొటో తీసి ఉంచుకోండి, ఒక జత ఇంట్లో ఇచ్చి వెళ్లండి.