చంద్రలేఖ నర్తకా, ఉద్యమకారిణా? ఎందుకంత పేరు?

మీ అమ్మాయి భరతనాట్యం క్లాసులో ఈ పేరు వినొచ్చిందని రాశారు. రెండూ అని చెప్పి ఊరుకోవచ్చు. కానీ మా రాయలసీమవాళ్ళకి ఆవిడతో ఒక బంధం ఉంది, ముందు అది చెబుతాను.

1952లో ఆవిడ అరంగేట్రం రాయలసీమ కరువు సహాయ నిధి కోసం జరిగింది. అప్పటికి సీమ ఇంకా మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. ‘మథురానగరిలో’ అనే తెలుగు పాటకి యమునా నదినీ, సఖుల జలక్రీడలనీ అభినయిస్తూ ఉన్నట్టుండి కొయ్యబారిపోయారట. పేపర్లో చూసిన ఫొటోలు గుర్తొచ్చాయి. నెర్రెలిచ్చిన నేల, చిన్న చిన్న డబ్బాలతో నీళ్ళకి బారులు తీరిన జనం. ఎవరి కరువు కోసం ఆడుతున్నారో వాళ్ళకి లేని నీళ్ళే ఆవిడ చేతుల్లో పొంగుతున్నాయి. ఈ సంగతి ఆవిడే తర్వాత చెప్పుకున్నారు.

నాది అనంతపురం జిల్లా. పెళ్ళయి చెన్నై వచ్చాక, ముప్పై దాటిన తర్వాత డాన్స్ క్లాసులో చేరాను. అక్కడ తెలుగు వచ్చింది నాకొక్కదానికే కాబట్టి నాట్యానికి పాడే పదాలకీ జావళీలకీ అర్థం చెప్పే పని నాదే. 2019 జూన్‌లో చెన్నై చెరువులు ఎండిపోయినప్పుడు, లారీ నీళ్ళ కోసం రాత్రి రెండింటికి బిందెలు పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డాను. ఆ సాయంత్రం క్లాసులో నదిలో దోసిలి ముంచే అభినయం. చెయ్యి రాలేదు. మా అవ్వ గుర్తొచ్చింది. బోరింగు దగ్గర వరసలో బిందె పెట్టి, దాని పక్కనే కూర్చుని కునుకు తీసేది. చంద్రలేఖ ఎందుకు ఆగిపోయారో అంతకుముందు చదివాను గానీ, అర్థమైంది ఆరోజే.

ఆవిడ 1928లో మహారాష్ట్రలోని వాడాలో పుట్టారు. నాట్యం ఎల్లప్ప పిళ్ళై దగ్గర నేర్చుకున్నారు. పేరొచ్చాక చాలా ఏళ్ళు వేదికకి దూరంగా ఉండి పోస్టర్లు గీశారు, మహిళా ఉద్యమంలో పనిచేశారు. స్నేహితులు సదానంద్ మీనన్, దశరథ్ పటేల్‌లతో కలిసి నడిపిన ‘స్కిల్స్’ అనే సంస్థ ద్వారా కార్యకర్తలకి పోస్టర్ల తయారీ లాంటివి నేర్పారు. 1982లో ఆవిడ మీదా మీనన్ మీదా రాజద్రోహం కేసు పెట్టారు, తర్వాత ఎత్తేశారు.

1985లో ‘అంగిక’తో మళ్ళీ వేదిక మీదికి వచ్చారు. భరతనాట్యం, కేరళ యుద్ధవిద్య కలరిపయట్టు, యోగా కలిసిన నృత్యం అది. అందులో దేవుళ్ళ కథలు లేవు, ప్రియుడి కోసం ఎదురుచూసే నాయిక లేదు. ‘శ్రీ’ అనే మరో నృత్యంలో వెన్ను వంగిపోయిన ఆడవాళ్ళు నెమ్మదిగా కదులుతారు. అవ్వ నడుము అలాగే వంగి ఉండేది, బహుశా అందుకే నాకది అన్నిటికంటే గొప్పది. స్త్రీవాదం గురించి ఒక్క మాట పలకరు, అంతా వెన్నెముకే చెబుతుంది. ఆవిడ చివరి నృత్య రచన ‘శరీర’. 2006 డిసెంబర్ 30న చెన్నైలో కన్నుమూశారు.

బెసంట్ నగర్‌లో ఎలియట్స్ బీచ్ పక్కన ఆవిడ ఇల్లు ‘స్పేసెస్’ ఉంది. అక్కడ కార్యక్రమం ఏదైనా ఉంటే మీ అమ్మాయిని తప్పకుండా తీసుకెళ్ళండి. మా క్లాసులో పిల్లలు ‘మథురానగరిలో’కి అర్థం అడిగితే నేనిప్పుడు యమునతో పాటు 1952 కరువు సంగతి కూడా చెబుతున్నాను.