నివాళిలో పాట ఏదీ?

తమ్ముడూ,

అమెరికన్ గాయకుడు, పాటల రచయిత ఆర్థర్ అలెగ్జాండర్ మీద నువ్వు పంపిన నివాళి రెండుసార్లు చదివాను. మొదటి పేజీలోనే బీటిల్స్, రోలింగ్ స్టోన్స్, బాబ్ డిలన్ వచ్చి కూర్చున్నారు. ఆర్థర్ పాటలు వాళ్లందరూ పాడారు, నిజమే. కానీ పోయినవాడి ఇంటికి పరామర్శకు వెళ్లి, అక్కడికొచ్చిన పెద్దమనుషుల గురించే మాట్లాడినట్టుంది.

రెండో పేజీ అంతా జాలి. పాటలు మానేసి క్లీవ్‌లాండ్‌లో బస్సు నడిపాడని ఎన్ని 'అయ్యో'లు! డ్రైవరు ఉద్యోగం చేసుకుని బతకడం శిక్షేమీ కాదు కదా. దానికి ఒక వాక్యం చాలు.

నీ వయసులో నేనూ ఒక బుర్రకథ కళాకారుడి మీద ఇలాగే రాశాను. అచ్చయ్యాక ఆయన కూతురు చదివి, "బాగుందండీ, మా నాన్న ఏం పాడేవాడో మాత్రం ఇందులో లేదు" అంది. ఆ మాటకు ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అందుకే పాట దగ్గరికి రా. 1961, అలబామాలోని మజిల్ షోల్స్. పాత పొగాకు గోదాములో రికార్డు నిర్మాత రిక్ హాల్ పెట్టుకున్న స్టూడియో. హోటల్లో సామాన్లు మోసే నల్లజాతి కుర్రాడు ఆర్థర్ అక్కడ 'యు బెటర్ మూవ్ ఆన్' పాడాడు. తను ప్రేమించిన పిల్ల కోసం వచ్చిన డబ్బున్నవాడితో ఒక పేదవాడు మాట్లాడే మాటలవి. కోపం వస్తోందని చెబుతాడు, గొంతు మాత్రం పెంచడు! పాటంతా ఆ మర్యాద మీదే నిలబడింది. అమెరికా పల్లెల్లో తెల్లవాళ్లు పాడుకునే కంట్రీ పాట కథ చెప్పే తీరు, నల్లవాళ్ల చర్చిలో పుట్టిన సోల్ గొంతు రెండూ అక్కడ కలిశాయి. కంట్రీ సోల్ అంటే ఏమిటో నిర్వచనం రాసే బదులు ఇది చూపించు.

ఆయన 'అన్నా' పాట కూడా అంతే. (అన్నా అంటే అమ్మాయి పేరు. మనవాళ్లు పొరబడతారు, ముందే చెప్పెయ్.) ఇంకొకడి దగ్గరికి వెళ్లిపోతానన్న పిల్లను ఆపడు, ఉంగరం ఇచ్చేసి వెళ్లమంటాడు. తిట్టడు, శపించడు. అలాంటివాడి గురించి రాస్తూ నువ్వు పేరాకో ఆశ్చర్యార్థకం పెడితే ఎలా?

ఇక చివరి పేరా. ఆల్బమ్ లేకుండా ఇరవయ్యేళ్లకు పైగా గడిచాక 1993లో కొత్తది తెచ్చాడు. అదే ఏడాది జూన్ 9న నాష్‌విల్‌లో చనిపోయాడు, 53 ఏళ్లకు. దీన్ని 'విధి ఆడిన వింత నాటకం' అన్నావు. కొట్టెయ్. తేదీ, ఊరు, వయసు చెప్పి ఊరుకో.

తిరగరాసే ముందు ఫోన్ పక్కన పెట్టి, ఆ 1961 రికార్డింగ్‌ను కాగితం పెన్ను లేకుండా నాలుగుసార్లు విను. ఆదివారం లోపు పంపు. పత్రికవాళ్లు తొందరపెడితే టెన్షన్ పడకు, నేను మాట్లాడతాను.

మీ అన్నయ్య