రెండో సవరణ దేనికి పెట్టారు? ముందు మందుగుండు కొట్టు తాళం ఎవరి దగ్గరుందో అడగండి

"అమెరికా రాజ్యాంగంలో రెండో సవరణను సొంత రక్షణ కోసం పెట్టారా, ప్రభుత్వం మీద తిరగబడే హక్కు కోసం పెట్టారా?" అన్నది ప్రశ్న. 1791లో అమల్లోకి వచ్చిన ఆ సవరణ సారాంశం ఇది: స్వేచ్ఛాయుత రాష్ట్ర భద్రతకు చక్కగా తర్ఫీదైన పౌరదళం అవసరం కనుక, ఆయుధాలు ఉంచుకునే, పట్టే ప్రజల హక్కుకు భంగం కలిగించరాదు. పై రెండు ఉద్దేశాల్లో ఏదీ కాదని నా జవాబు. అప్పటివాళ్లను పీడించిన భయం వేరు. రాష్ట్రాల పౌరదళాలకు (మిలీషియాలకు, అంటే అవసరమైనప్పుడు ఆయుధాలతో హాజరయ్యే మామూలు పౌరుల దళాలకు) ఆయుధాలు ఎవరు సమకూర్చాలి, వాళ్లు పట్టించుకోకపోతే దిక్కేమిటి అన్నదే ఆ భయం.

అది గాల్లోంచి పుట్టలేదు. 1775 ఏప్రిల్ 20 రాత్రి, అప్పటికింకా బ్రిటిష్ వలసగా ఉన్న వర్జీనియా రాజధాని విలియమ్స్‌బర్గ్‌లో ఏం జరిగిందో చూడండి. ఊరి నడుమ ఎనిమిది పలకల ఇటుక కట్టడం ఉంది. అదే మందుగుండు కొట్టు. తెల్లవారుజామున, ఊరు నిద్రలో ఉండగా, బ్రిటన్ రాజు తరఫు గవర్నర్ లార్డ్ డన్‌మోర్ పంపిన నావికులు వచ్చి 15 అర పీపాల తుపాకీ మందును బండికెత్తి నది దగ్గరున్న ఓడకు తోలుకుపోయారు. సంగతి పొక్కి జనం గవర్నర్ భవనం మీదికి కదిలారు. ఊరి పెద్దలు సర్ది చెబితే ఆగారు. బానిసలు తిరగబడతారనే భయంతో భద్రపరిచానని డన్‌మోర్ సాకు చెప్పాడు. మే మొదట్లో వర్జీనియా నాయకుడు పాట్రిక్ హెన్రీ దళాన్ని వెంటేసుకుని బయల్దేరితే, మందు ఖరీదు కింద 330 పౌండ్లు ముట్టజెప్పి వెనక్కి పంపారు.

ఇళ్లలో తుపాకులున్నాయి కదా, అంత గగ్గోలు దేనికి? చెకుముకి తుపాకీ పనితీరు తెలిస్తే ఈ అనుమానం రాదు. కాగితపు తూటా కొసను పళ్లతో చింపాలి. చిటికెడు మందు పక్కనున్న పళ్లెంలో పోసి మూత వేయాలి. మిగతా మందు గొట్టంలోకి వంచి, గుండునూ కాగితాన్నీ పెట్టి, కడ్డీతో దట్టించాలి. అప్పుడు గుర్రం (చెకుముకి రాయి బిగించిన సుత్తిలాంటి భాగం) వెనక్కి ఎత్తి మీట నొక్కితే రాయి ఉక్కుకు తగిలి నిప్పురవ్వ పళ్లెంలో పడుతుంది. తర్ఫీదు పొందినవాడు నిమిషానికి మూడు సార్లు పేలుస్తాడు. రాయి అరిగితే రవ్వ రాదు. మందు చెమ్మగిల్లితే అంటుకోదు. అసలు మందే లేకపోతే అది ఉత్త దుడ్డుకర్ర. వలసల్లో మందు తయారీ నామమాత్రం, ఎక్కువభాగం దిగుమతే. ఆ దిగుమతిని లండన్ 1774 అక్టోబరులోనే ఆపేసింది. మసాచుసెట్స్‌లో ఏప్రిల్ 19న బ్రిటన్‌తో స్వాతంత్ర్య యుద్ధం అంటుకున్నదీ, కాంకర్డ్‌లో దాచిన ఆయుధ సామగ్రి కోసం బ్రిటిష్ సైనికులు వెళ్లినప్పుడే.

ఇప్పుడు 1787 రాజ్యాంగం ఒకటో అధికరణం 8వ సెక్షన్ తెరవండి. పౌరదళాలను వ్యవస్థీకరించే, ఆయుధాలు సమకూర్చే అధికారం కాంగ్రెస్‌కు, అంటే కేంద్ర చట్టసభకు ఇచ్చేశారు. అధికారుల నియామకం, తర్ఫీదు రాష్ట్రాలకు మిగిలాయి. 1788 జూన్‌లో ఈ రాజ్యాంగాన్ని ఆమోదించాలా వద్దా అని తేల్చే వర్జీనియా సభలో, సభ్యుడు జార్జ్ మేసన్ దీన్నే పట్టుకున్నాడు. కాంగ్రెస్ ఏదో వంకతో ఆయుధాలు ఇవ్వడం మానేస్తే రాష్ట్రం తనంతట తాను ఇవ్వజాలదు, పౌరదళం చచ్చిపోతుంది, దాని చోట జీతాల సైన్యం వచ్చి కూర్చుంటుంది అని. అదే సభలో పాట్రిక్ హెన్రీ కూడా ఉన్నాడు. పదమూడేళ్ల కిందటి పీపాలు ఆయన మరిచిపోయి ఉంటాడా?

ఇక్కడ మన అనువాదాల మీద ఒక ఫిర్యాదు ఉంది. సవరణ మొదట్లో ఉన్న "వెల్ రెగ్యులేటెడ్ మిలీషియా" అనే మాటను తెలుగులో "నియంత్రిత సైన్యం" అని రాసేస్తున్నారు. అది సైన్యం కాదు, పౌరదళం. "వెల్ రెగ్యులేటెడ్" అనే విశేషణానికి అప్పటి అర్థం తర్ఫీదూ క్రమశిక్షణా ఉన్నదని. రెండో సగంలో ఉన్న "కీప్", "బేర్" అనే రెండు క్రియలనూ కలిపేసి "కలిగి ఉండే హక్కు" అనడం ఇంకా అన్యాయం. ఒకటి ఇంట్లో ఉంచుకోవడం, రెండోది ఆయుధం పట్టడం. మన భాషలో "ఆయుధం పట్టాడు" అంటే పోరుకు దిగాడని ఎవరికైనా తెలుస్తుంది. వాళ్లకూ ఎక్కువగా ఆ ధ్వనే వినిపించేది.

ఉద్దేశం ఏమిటో నాయకుల ఉపన్యాసాలకంటే 1792 మే 8 నాటి పౌరదళ చట్టంలోని సామాను జాబితా బాగా చెబుతుంది. 18 నుంచి 45 ఏళ్ల లోపు ప్రతి స్వతంత్ర, దృఢకాయుడైన తెల్లజాతి పౌరుడూ పేరు నమోదయ్యాక ఆరు నెలల్లో ఇవి తెచ్చుకోవాలి: మంచి మస్కెట్ (పొడవాటి సైనిక తుపాకీ), బాయొనెట్ (తుపాకీ కొసకు తగిలించే బాకు), బెల్టు, రెండు అదనపు చెకుముకి రాళ్లు, వీపుసంచి, కనీసం 24 తూటాలు పట్టే పెట్టె. రైఫిల్ ఉన్నవాడు 20 గుండ్లు, కొమ్ములో పావు పౌండు మందు చూపాలి. అయిదేళ్లలో మస్కెట్ల గొట్టాలన్నీ పౌండుకు 18 తూగే గుండ్లు పట్టే కొలతకు రావాలి. కొలత ఒకటైతేనే పక్కవాడి తూటా నీకు పనికొస్తుంది. ఈ సామాను అప్పుకింద గానీ పన్నుకింద గానీ జప్తు చేయకూడదని కూడా రాశారు. వేట కోసమో దొంగల కోసమో అయితే బాయొనెట్ దేనికి?

లోపం ఎక్కడ వచ్చిందంటే, కొనుగోలు భారం మనిషి మీద వేశారు, కొనకపోతే కేంద్రం వేసే శిక్ష ఏదీ పెట్టలేదు. చాలామంది వట్టి చేతులతో హాజరయ్యారు. 1808లో కాంగ్రెస్ ఏటా 2,00,000 డాలర్లు కేటాయించాల్సి వచ్చింది. మేసన్ భయపడ్డ చోటే బండి దిగబడింది.

తిరుగుబాటు హక్కు అనేవాళ్లు 1794 చూడాలి. సవరణ అమల్లోకి వచ్చి మూడేళ్లు కాకముందే, విస్కీ పన్ను మీద తిరగబడ్డ పెన్సిల్వేనియా రైతుల మీదికి అధ్యక్షుడు వాషింగ్టన్ సుమారు 13,000 మంది పౌరదళాన్ని పంపాడు. తిరుగుబాట్లు అణచడం పౌరదళం పనేనని రాజ్యాంగంలోనే రాసి ఉంది. జీతాల సైన్యానికి ఎదురుబలంగా, సవరణ ముసాయిదా రాసిన మాడిసన్ ఊహించినది రాష్ట్ర ప్రభుత్వాల వెనక నిలిచే సుమారు అయిదు లక్షల మంది పౌరులను. ఒంటరిగా గడప దగ్గర తుపాకీ పట్టుకు నిలబడ్డ మనిషిని కాదు.

బానిసలను అదుపులో ఉంచే గస్తీ దళాల కోసమే పెట్టారనే వాదం వర్జీనియా వరకు కొంత నిజం. కానీ బానిసలు అతి తక్కువగా ఉన్న న్యూ హాంప్‌షైర్ కూడా, తిరుగుబాటు చేసినవాణ్ని తప్ప ఏ పౌరుణ్నీ కాంగ్రెస్ నిరాయుధుణ్ని చేయకూడదని 1788లో కోరింది. సొంత రక్షణ అంటారా, 1776 పెన్సిల్వేనియా రాజ్యాంగంలో "తమ రక్షణకు, రాష్ట్ర రక్షణకు" అని స్పష్టంగా ఉంది. రెండో సవరణ రాసినప్పుడు ఆ మాట తీసుకోలేదు.

మన దగ్గరా ఇది చర్చకు వచ్చింది. 1931 కరాచీ తీర్మానంలో, నిబంధనలకు లోబడి ఆయుధం ఉంచుకునే హక్కును కాంగ్రెస్ పార్టీ చేర్చింది. 1948 డిసెంబరులో రాజ్యాంగ సభలో సభ్యుడు హెచ్.వి. కామత్ దాన్ని మళ్లీ ఎత్తారు, సభ ఒప్పుకోలేదు. 19వ అధికరణంలో "ఆయుధాలు లేకుండా" సమావేశమయ్యే హక్కే మిగిలింది. అప్పటికే జీతాల సైన్యం మీద నడుస్తున్న దేశంలో ఆ హక్కును తగిలించడానికి పౌరదళమనే కొక్కెమే లేదు.

అమెరికాలో కూడా 1903 చట్టం తర్వాత పాత పౌరదళం పోయి నేషనల్ గార్డ్ అనే రాష్ట్రాల రిజర్వు దళం వచ్చింది. దాని ఆయుధాలు కేంద్రం ఇచ్చేవే. 2008 హెల్లర్ తీర్పులో 5–4 తేడాతో సుప్రీంకోర్టు ఇంట్లో సొంత రక్షణకు తుపాకీ ఉంచుకునే హక్కును గుర్తించింది. దాన్ని చూపించి అసలు ఉద్దేశం కూడా సొంత రక్షణేనని వాదించేవాళ్లు తీర్పు పూర్తిగా చదవాలి. కొత్త కేంద్ర ప్రభుత్వం ఆయుధాలు లాక్కుని పౌరదళాన్ని నాశనం చేస్తుందన్న భయంతోనే ఈ హక్కును రాతలో పెట్టారని, ఆ తీర్పు రాసిన న్యాయమూర్తి స్కాలియాయే అందులో ఒప్పుకున్నారు.