మండీ లెక్కలు డేటాబేస్‌లోకి ఎక్కించే ముందు

చిరంజీవి లావణ్యకు పెదనాన్న ఆశీస్సులు.

ఎక్సెల్ షీట్లలోనూ యాక్సెస్‌లోనూ ఉన్న ఆదోని పత్తి మండీ లెక్కలను డేటాబేస్‌లోకి ఎక్కించడానికి ఏ సాఫ్ట్‌వేర్ కొనాలని అడిగావు. కొనాల్సిన పనే లేదమ్మా. ఒక్క కంప్యూటర్, ఒక్క గుమాస్తా అయితే ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్ చాలు. మీ దగ్గర కాటా దగ్గరొకరు, క్యాష్ దగ్గరొకరు ఒకేసారి ఎంట్రీలు వేస్తారు కాబట్టి పోస్ట్‌గ్రెస్ అనే పెద్ద డేటాబేస్ పెట్టుకో. రెండూ ఉచితమే. డబ్బులు పెడితే యూపీఎస్‌కూ, బ్యాకప్ డిస్క్‌కూ పెట్టు.

అసలు తిప్పలు తేదీలతో. కంప్యూటర్ అమెరికా పద్ధతిలో ఉంటే, ఏప్రిల్ 3 అనుకుని 03/04/2019 కొట్టినా ఎక్సెల్ దాన్ని మార్చి 4గా తీసుకుంటుంది. 25/04/2019 కొడితే అర్థంకాక ఉత్త టెక్స్ట్‌గా వదిలేస్తుంది. ఎవరూ అలైన్‌మెంట్ మార్చకుంటే గడిలో తేదీ కుడివైపు, టెక్స్ట్ ఎడమవైపు ఉంటుంది. ఒకే కాలమ్‌లో రెండూ కనిపిస్తే అనుమానించు. తక్‌పట్టీ (రైతుకిచ్చే అమ్మకం చీటీ) నంబర్ల వరుసలో పెట్టి చూడు. నంబరు పెరుగుతుంటే తేదీ నెల వెనక్కి దూకిందా, రోజూ నెలా తిరగబడ్డాయేమో పట్టీ పుస్తకం తీసి సరిచూసుకో.

తర్వాత రైతుల పేర్లు. మనవైపు ఈరన్న లేని ఊరుందా? పేరుతో రైతును గుర్తుపడితే ఒకరి బాకీ ఇంకొకరి నెత్తిన పడుతుంది. ఫోన్ నంబరూ మారుతుంది. ప్రతి రైతుకూ మీదే ఒక నంబరు ఇవ్వు. ఊళ్లకు వేరే టేబుల్ పెట్టు, లేకపోతే ఎమ్మిగనూరు, యెమ్మిగనూరు రెండూళ్లై కూర్చుంటాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల వేరే జిల్లా అయింది కదా, పాత షీట్లలో ఆ ఊళ్లన్నీ కర్నూలు కిందే ఉంటాయి. అదీ చూసుకో.

బ్యాంకు అకౌంట్ నంబర్లు అంకెలుగా కొట్టి ఉంటే ఎక్సెల్ ముందున్న సున్నాలు తీసేస్తుంది, 15 అంకెలు దాటితే చివరివి సున్నాలు చేస్తుంది. ఆ పోయినవి ఫైల్లో దొరకవు, పాస్‌బుక్ జిరాక్సు చూసి మళ్లీ కొట్టాల్సిందే. తెలుగు పేర్లు ‘అను’ అనే పాత పద్ధతి ఫాంట్లలో ఉంటే ముందు అన్ని కంప్యూటర్లూ చదవగలిగే యూనికోడ్‌లోకి మార్చు, ఆ తర్వాతే ఎక్సెల్ సేవ్ జాబితాలో ‘సీఎస్‌వీ యూటీఎఫ్-8’ అనే రకం ఎంచుకుని సేవ్ చెయ్యి.

ఎక్కించేటప్పుడు నేరుగా అసలు టేబుళ్లలోకి పోవద్దు. అన్ని కాలమ్‌లూ టెక్స్ట్‌గా ఉండే తాత్కాలిక టేబుల్లో పోసి, సరిచూసి, అక్కడినుంచి పంపు. రూపాయలకూ క్వింటాళ్లకూ దశాంశాలను ఉజ్జాయింపుగా దాచే ఫ్లోట్ రకం వాడకు, కచ్చితంగా దాచే న్యూమరిక్ పెట్టు. వరుసల సంఖ్య ఒక్కటే కలిస్తే సరిపోదు. ఏడాదివారీ క్వింటాళ్లు, రైతువారీ బాకీ పైసాతో సహా పాత ఫైలుతో కలవాలి.

మీ గుమాస్తాకు కొత్త స్క్రీన్లంటే టెన్షన్ అన్నావు. ఆయన ఇప్పుడు వాడే యాక్సెస్ ఫారాలు ఉండనీ, ఓడీబీసీతో (రెండు ప్రోగ్రాములను కలిపే వంతెన లాంటిది) పోస్ట్‌గ్రెస్ టేబుళ్లకు లింక్ చేస్తే ఆయన పని దాదాపు పాతలాగే సాగుతుంది. టిక్ పెట్టే గడులు మాత్రం విడిగా పరీక్షించు. యాక్సెస్ ‘అవును’ను -1గా దాచుకుంటుంది, పోస్ట్‌గ్రెస్ అవును/కాదు గడి అలా దాచుకోదు, అక్కడ పేచీ వస్తుంది.

పత్తి రాక మొదలైతే మీకు ఊపిరాడదు, సెప్టెంబరులోపే ముగించు. నాకు నమూనా ఫైలు పంపేటప్పుడు ఆధార్, అకౌంట్ కాలమ్‌లు తీసేసి పంపు.

మీ పెదనాన్న,
కర్నూలు