నూట పదహారా, నూట ఎనభయ్యా?

ప్రశ్న: మాది అమలాపురం. వచ్చే నెల న్యూజెర్సీలో ఉన్న మా అబ్బాయి దగ్గరకు వెళుతున్నాం. వాళ్ళ పక్కింటివారు యూదులు. వారి అబ్బాయీ మా మనవడూ చిన్నప్పటినుంచి ఒకే తరగతి. ఆ పిల్లవాడికి పదమూడేళ్ళు నిండి, మతవిధులు తానే పాటించవలసిన వయసు వస్తున్నదని బార్ మిత్స్వా అనే వేడుక చేస్తూ, మా దంపతులతో కలిపి ఇంట్లో ఐదుగురినీ పిలిచారు. మావారు మన పద్ధతిలో 116 డాలర్లు చదివిద్దామంటున్నారు, మా అబ్బాయి 180 ఇవ్వాలంటున్నాడు. ఏది మర్యాద? ఆత్రేయపురం పూతరేకులు కూడా పట్టుకెళ్ళవచ్చునా?
- ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ అబ్బాయి చెప్పిన అంకె వెనుక ఒక అర్థం ఉంది. హీబ్రూలో ప్రతి అక్షరానికీ ఒక సంఖ్య విలువగా ఉంటుంది. జీవం అనే అర్థమిచ్చే ‘ఖాయ్’ అనే మాటలోని రెండక్షరాల విలువలు 8, 10, కలిపితే 18. అందువల్ల యూదులు శుభకార్యాలలో 18, 36, 54, 72, 108, 180 ఇలా పద్దెనిమిది చొప్పున పెరిగే మొత్తాలను ఇస్తారు. పిల్లవాడు చిరంజీవిగా ఉండాలన్న దీవెన ఆ అంకెలోనే ఉంటుంది. 116 ఇస్తే ఎవరూ తప్పు పట్టరు గాని, మీవారు మనసులో అనుకున్న శుభాకాంక్ష ఆ అంకె ద్వారా వారికి అందదు. ఆయన మాటకూ విలువ ఉండాలంటే 108 ఉన్నది. అది పద్దెనిమిదికి ఆరు రెట్లు, మనకేమో అష్టోత్తర శతం.

అయినా మీ విషయంలో నేను 180 వైపే మొగ్గుతాను. బడిలో స్నేహితుడు ఒక్కడే వెళితే 36 గాని 54 గాని చాలు. మీరు ఐదుగురు, పైగా ఇరుగుపొరుగుగా ఏళ్ళ తరబడి కలిసిమెలిసి ఉన్న కుటుంబం. అది మీ అబ్బాయికి భారమైతే 108 ఇవ్వడంలో చిన్నతనం ఏమీ లేదు. మన పెళ్ళిళ్ళలో పుస్తకం ముందేసుకుని ఒకరు కూర్చుని, ఎవరెంత చదివించారో మైకులో చెప్పి రాసుకోవడం, రేపు వారింట శుభకార్యానికి అంతకు తగ్గకుండా పెట్టడం మీకు తెలిసినదే. అక్కడ అలా పైకి చదవరు. కవరును ఇంటికి తీసుకువెళ్ళి విప్పుకుంటారు, తరువాత పిల్లవాడే స్వయంగా కృతజ్ఞతలు తెలుపుతూ ఉత్తరం రాస్తాడు. కాబట్టి పక్కవారు ఎంత ఇచ్చారోనన్న బెంగ మీకు అక్కరలేదు.

చెక్కు పిల్లవాడి పేరునే రాయించండి. వచ్చిన దానిలో కొంత దానధర్మాలకు ఇచ్చి, మిగిలినది పై చదువులకు దాచడం చాలా కుటుంబాలలో ఉన్నదే.

ఎంత ఇవ్వాలన్నదానికన్నా ఎప్పుడు ఇవ్వాలన్నదే మీరు ఎక్కువ జాగ్రత్తగా చూడవలసిన విషయం. ఆ పిల్లవాడు తమ పవిత్ర గ్రంథమైన తోరాను అందరి ముందు చదివే ప్రార్థన తరచుగా శనివారం ఉదయం జరుగుతుంది. శుక్రవారం సూర్యాస్తమయం నుంచి శనివారం చీకటి పడేవరకు వారికి సబ్బాతు, అంటే వారానికొకసారి వచ్చే పవిత్రమైన విశ్రాంతి దినం. నిష్ఠగా ఉండేవారు ఆ వేళలో డబ్బు ముట్టరు. అందుచేత కవరును ప్రార్థనా మందిరానికి తీసుకువెళ్ళకండి. శనివారం రాత్రి విందు ఉంటే అక్కడ ఇవ్వండి, లేదంటే ఆదివారం వారింటికి వెళ్ళి ఇవ్వండి.

పూతరేకుల విషయం ముందుగా కోడలి చేత అడిగించండి. ఆహార నియమాలు గట్టిగా పాటించే యూదులు తమ నియమాలకు లోబడని వంటింట్లో చేసినది, నేతి మిఠాయి అయినా సరే, తినరు. తెచ్చినదాన్ని వారు పక్కన పెడితే మీ మనసూ నొచ్చుకుంటుంది, వారూ ఇబ్బంది పడతారు. మన గోదావరి సీమ వస్తువే ఇవ్వాలని ఉంటే, నరసాపురం ఆడవారు కొక్కీ సూదితో అల్లే లేసు గుడ్డ ఒకటి కొనుక్కుని వెళ్ళండి. శుక్రవారం రాత్రి భోజనాల బల్లమీద రెండు రొట్టెలు పెట్టి, ప్రార్థన ముగిసేదాకా వాటిపై గుడ్డ కప్పి ఉంచడం వారి ఆచారం. తెల్లని లేసు దానికి చక్కగా అమరుతుంది, దేవతల బొమ్మలు లేనిది మాత్రం చూసి ఎంచుకోండి.

ఆడపిల్లలకు చేసేది బాత్ మిత్స్వా, పన్నెండో ఏటో పదమూడో ఏటో. అమెరికాలో 1922లో న్యూయార్కు నగరంలో జూడిత్ కప్లాన్ అనే పన్నెండేళ్ళ బాలికకు తొలిసారి జరిపారు. రేపు అటువంటి పిలుపు వస్తే, మగపిల్లవాడికి ఇచ్చినంతే ఇవ్వండి. ఆడపిల్ల అని ఒక్క డాలరు కూడా తగ్గించవద్దు.