సమాధానం: ‘సీసీ’ గుర్తున్న వెండి బిళ్ళ నకిలీయా?

కంగారు పడకండి సార్. అమెరికాలోని నెవాడా రాష్ట్ర మ్యూజియంలో మీ అబ్బాయి కొన్న బిళ్ళ మీద ‘సీసీ’ ఉంది, డాలర్ అని లేదు, కాబట్టి నకిలీయేమో అన్నారు. అది నాణెమే కాదు, స్మారక పతకం. అందుకే దాని మీద విలువ ఉండదు. ‘సీసీ’ అంటే కార్సన్ సిటీ. అక్కడి పాత టంకశాల (నాణేలు కొట్టే చోటు) ఇప్పుడు ఆ మ్యూజియం. 1870లో అక్కడ తొలి వెండి డాలర్లు కొట్టిన ఒకటో నంబర్ ప్రెస్ మీదే ఇప్పటికీ ఇలాంటి పతకాలు కొడుతున్నారు. ఆ ముసలి యంత్రం మామూలుది కాదు! 1964లో చిల్లర కొరత వస్తే డెన్వర్ టంకశాలకు తీసుకెళ్లి మళ్లీ నాణేలు కొట్టించారు.

అనుమానం తీరకపోతే కంసాలి త్రాసు మీద తూచండి. పాత వెండి డాలరైతే 26.73 గ్రాములు, అందులో 90 శాతం వెండి. నల్లబడిందని చింతపండుతో మాత్రం తోమకండి, సేకరించేవాళ్లు సగం ధర కూడా ఇవ్వరు.